మీ ప్రశ్న – మా జవాబు: రాల్స్‌ని ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: యూనివర్సిటీలో నీతిశాస్త్రం, రాజకీయ తత్వశాస్త్రం పైస్థాయి కోర్సు తీసుకున్నాను. అమెరికన్ తత్వవేత్త జాన్ రాల్స్ న్యాయం గురించి రాసిన 'ఎ థియరీ ఆఫ్ జస్టిస్' మొదటి పేజీ నుంచి చదువుతున్నాను. వంద పేజీలు దాటేసరికి వెనక చదివింది గుర్తుండటం లేదు. ఏం చేయాలి?

జవాబు: వరసగా చదవాలన్న పట్టుదల మానుకోండి. ఆ పుస్తకంలో 87 సెక్షన్లున్నాయి. ఏవి ముందు చదవాలో రాల్సే ముందుమాటలో చెప్పాడు, కానీ ముందుమాట చదివేవాళ్లేరీ! ముందు 1–4, తర్వాత 11–17, ఆపైన మూడో అధ్యాయం మొత్తం, అంటే 20–30. ఈ 22 సెక్షన్లు గట్టిగా పట్టుకుంటే మిగతావి అవసరాన్ని బట్టి చూసుకోవచ్చు. 1971 నాటి కూర్పుకీ 1999 నాటి సవరించిన కూర్పుకీ పేజీ నంబర్లు కలవవు. అందుకని నోట్సులో సెక్షన్ నంబరు రాసుకోండి.

ప్రతి సెక్షన్‌నీ రెండుసార్లు చదవాలి. మొదటిసారి ఆగకుండా. రెండోసారి వాదాన్ని ఐదారు వాక్యాల్లోకి దించి, వాటికి నంబర్లు వేయండి. చివరిది నిగమనం, అంటే వాదం తేల్చే మాట; మిగిలినవి దాన్ని నిలబెట్టే ఆధార వాక్యాలు. ఇప్పుడు ఒక్కో ఆధార వాక్యాన్నీ కొట్టేసి చూడండి. నిగమనం కూలిపోయిందా, నిలబడిందా? నిలబడితే ఆ వాక్యం అక్కడ అక్కర్లేదు, లేదా మీరు రచయిత చెప్పని దాన్ని చేర్చారు.

26వ సెక్షన్‌తో చూద్దాం. సమాజంలో మూడు వర్గాలు, మూడూ సమాన సంఖ్యలో ఉన్నాయనుకోండి. మొదటి ఏర్పాటులో వాళ్లకు దక్కేవి 10, 70, 100. రెండోదానిలో 20, 30, 40. మీరు ఏ వర్గంలో పడతారో మీకు తెలియదు. మూడింటికీ సమాన అవకాశం ఉందనుకుంటే సగటు మొదటిదానిలో 60, రెండోదానిలో 30. కాబట్టి మొదటిదే మేలంటాడు, సగటునే చూడాలనే ఆర్థికవేత్త జాన్ హర్సానీ. అట్టడుగున ఉన్నవాడికి ఎక్కువ దక్కేది చూడాలంటే రెండోది. రాల్స్ ఇటువైపు.

ఇక్కడే చాలామంది జారిపోతారు. 'రాల్స్ మనుషులు రిస్క్‌కి భయపడతారు' అని రాసేస్తారు. అది తప్పు. అజ్ఞానపు తెర వెనక, అంటే సమాజంలో తమ స్థానమేమిటో తెలియకుండా నియమాలు ఎంచుకునే ఊహాస్థితిలో ఉన్నవాళ్లకు తాము రిస్క్‌కి జంకే రకమో కాదో కూడా తెలియదని 24వ సెక్షన్‌లోనే ఉంది. రాల్స్ చెప్పే కారణాలు వేరు: అవకాశాలను లెక్కగట్టడానికి ఆధారం లేదు, ఖాయంగా దక్కే కనీస స్థాయిని మించి వచ్చేదానికి పెద్దగా విలువ లేదు, అవతలి ఏర్పాటులో ఎవరూ ఒప్పుకోలేని ఫలితాలుండవచ్చు. పైన నేనిచ్చిన అంకెల్లో మూడో కారణం కనిపించదు. 10 అంటే బతకలేని స్థితి అని చేర్చి చూడండి, వాదం బలం మారిపోతుంది. అంకెల బొమ్మ వేసినప్పుడు అది దేన్ని వదిలేసిందో కూడా రాయడం అలవాటు చేసుకోండి.

ప్రశ్న: నా వ్యాసాలన్నిటి మీదా 'వివరణ ఎక్కువ, విమర్శ తక్కువ' అనే రాస్తున్నారు. ఎలా సరిచేసుకోవాలి?

జవాబు: ముందు పదాలు పంచుకోండి. రెండు వేల పదాల వ్యాసమైతే: మీరు నిరూపించబోయేది 150లో, వాదం 600లో, మీ ఆక్షేపణ 500లో, దానికి అవతలివాళ్లు ఇవ్వగల గట్టి సమాధానం 450లో, తీర్పు 300లో. చాలా వ్యాసాల్లో నాలుగో భాగం అసలుండదు. మార్కులు పోయేది అక్కడే.

ఆక్షేపణ ఒక్క ఆధార వాక్యానికి గురిపెట్టాలి. రాల్స్‌ని విమర్శించిన తత్వవేత్త రాబర్ట్ నోజిక్ 1974లో ఇచ్చిన బాస్కెట్‌బాల్ ఉదాహరణ తీసుకోండి. న్యాయమైన పంపిణీ నుంచి మొదలై, ప్రేక్షకులు ఇష్టపూర్వకంగా తలా 25 సెంట్లు ఆటగాడికిస్తే అతను ధనవంతుడవుతాడు. ఇందులో అన్యాయమెక్కడ అన్నది ప్రశ్న. 'అంత సంపద ఒకరి దగ్గర ఉండకూడదు' అని రాస్తే అది ఆక్షేపణ కాదు, నిగమనం నచ్చలేదని చెప్పడమే. ప్రేక్షకుడి చేతిలో ఉన్న సొమ్ము మీద అతనికి ఎలాంటి హక్కుంది? పన్ను లేకుండా ఎవరికైనా ఇచ్చేసే హక్కుతో సహానా? మొదటి పంపిణీ పన్నుకు లోబడిన హక్కులనే ఇచ్చిందనుకుంటే, నోజిక్ నిరూపించాల్సిన దాన్ని ముందే ఊహించుకున్నట్టవుతుంది. ఈ ఆక్షేపణ మీద వ్యాసమంతా నడపవచ్చు.

'నాకలా అనిపిస్తుంది' అని రాయకూడదా అని కూడా అడిగారు. రాయవచ్చు, కానీ దేని గురించి అనిపిస్తుందో ఖచ్చితంగా చెప్పాలి: ఫలానా సందర్భంలో ఫలానా పని తప్పు అని. ఆపైన ఒక్క అంశమే మార్చిన రెండో సందర్భం పక్కన పెట్టి, అక్కడా అలాగే అనిపిస్తుందో లేదో చూపాలి.

ప్రశ్న: లెక్కలు, తర్కం ఎంత రావాలి?

జవాబు: వాక్య తర్కం ('అయితే', 'లేదా', 'కాదు' లాంటి మాటలతో వాక్యాలను కలిపే తర్కం), 'అన్నీ', 'కొన్ని' అనే పరిమాణకాల తర్కం, సగటు ఫలితం లెక్కగట్టడం, ఖైదీల సందిగ్ధం (ఎవరికి వాళ్లు తమ మేలు చూసుకుంటే ఇద్దరూ నష్టపోయే పరిస్థితి). ఇవి వస్తే చాలు. సామాజిక ఎంపిక సిద్ధాంతం (వ్యక్తుల ఇష్టాలను కలిపి సమాజం నిర్ణయం ఎలా తీసుకోవాలో చూసేది) పేపరు తీసుకుంటే మాత్రం ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో (Arrow) పేరిట ఉన్న సిద్ధాంతం నిరూపణ మీ చేత్తో మీరే రాయగలగాలి.