మూడు పేజీల సీను, ఒక క్యాలెండర్

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను, రెండోసారి కోపంతోనే చదివాను. జైల్లో ఆ అమ్మాయి మీద గార్డుల అత్యాచారం మూడు పేజీలు రాశావు, జాకెట్ హుక్కులతో సహా. మర్నాడు పొద్దున ఆమె ఏం చేసిందో మాత్రం ఒక్క లైను లేదు. ఆ మూడు పేజీలూ మనం చూస్తున్నది గార్డు కళ్ళతో, ఆమె కళ్ళతో కాదు.

రాజ్యం ఎంత క్రూరమో చూపించాలని అలా రాశానన్నావు. రాజ్యం క్రూరత్వం రిజిస్టర్లో ఉంటుందయ్యా. రొమేనియాలో నియంత చౌషెస్కు 1966లో 770 నంబరు డిక్రీ తెచ్చి అబార్షన్‌ని దాదాపు పూర్తిగా నిషేధించాడు, ఎనభైల్లోకి వచ్చేసరికి ఆడవాళ్ళు పనిచేసే చోటికే డాక్టర్లని పంపి గర్భం ఉందా లేదా అని పరీక్షలు చేయించారు, 1989 డిసెంబర్‌లో వాడు కూలాకే ఆ చట్టం పోయింది. దానికి గార్డెందుకు, పెన్ను పట్టుకున్న డాక్టరు చాలడూ?

మార్గరెట్ ఎట్‌వుడ్ 1984లో వెస్ట్ బెర్లిన్‌లో ఉండి 'ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్' రాస్తున్నప్పుడు పెట్టుకున్న నియమం, మనుషులు ఎక్కడో ఒకచోట ఇప్పటికే చెయ్యని పని ఏదీ నవల్లోకి రానివ్వకూడదని. అందులో ఆఫ్రెడ్, అంటే పిల్లల్ని కనిపెట్టడానికి ఒక పెద్ద అధికారి ఇంట్లో ఉంచిన దాసి, భోజనంలో వచ్చిన వెన్నముక్కని బూటు కొనలో దాచుకుంటుంది, మొహానికి రాసుకోడానికి, ఎందుకంటే ఆ ఆడవాళ్ళకి క్రీములు ఇవ్వరు. ఆ అధికారి, కమాండర్ అంటారు, రాత్రి దొంగతనంగా గదికి పిలిస్తే మనం ఏదేదో ఊహించుకుంటాం, ఆయన అడిగేది స్క్రాబుల్ అనే అక్షరాలతో పదాలు కట్టే ఆట ఆడమని! చదవడమే నేరమైన చోట ఆ అక్షరాల బిళ్ళలు వేళ్ళకి తగలడంలో ఎంత సుఖం ఉందో అక్కడ చూడు, నీ మూడు పేజీల్లో అది ఏదీ?

ఇక నీ పూజారి. వాడికి నవ్వడం తప్ప పని లేదు, నమ్మకం అసలే లేదు. ఎట్‌వుడ్ నవల్లోని మతరాజ్యం గిలియడ్‌లో బైబిల్ పెట్టెలో పెట్టి తాళం వేస్తారు, ఇంటి యజమాని తీసి రాహేలు తన దాసి బిల్హాని మొగుడికిచ్చిన కథ చదివి వినిపిస్తాడు, మిగతా పేజీలు ఆడవాళ్ళ చేతికి అందవు. పారిపోయేవాళ్ళని దాచిపెట్టేది క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు, వాళ్ళూ దేవుణ్ణి నమ్మినవాళ్ళే. నీ కథలో నిజంగా నమ్మేవాడు ఒక్కడూ లేడేంటి? అలాంటి రాజ్యం ముందు పట్టుకునేది వాళ్ళనే కదా.

1993లో నా నవల చదివిన ఒక వారపత్రిక ఎడిటర్ "ప్రార్థనల గొడవ తీసేసి పడకగది పెంచండమ్మా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు, అది పదకొండేళ్ళు ట్రంకుపెట్టెలో పడుంది, ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. ఇప్పుడు అలాంటి పడకగదులకే ధైర్యం అని పేరు పెట్టి అవార్డులు ఇస్తున్నారు, నువ్వు ఆ గాలిలో పడకు.

పబ్లిషర్ల సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు ఆ మూడు పేజీలు కొట్టేసి, నీ తొమ్మిదో పేజీకి వెళ్ళు. ఇన్‌స్పెక్టర్ వచ్చేలోపు తల్లి క్యాలెండర్ మీద కూతురి నెలసరి డేటు చుట్టూ ఉన్న పెన్సిల్ సున్నా చెరిపేసి, రెండు రోజుల ముందు కొత్త సున్నా చుట్టి, రబ్బరు పొట్టు కొంగుతో తుడిచేస్తుంది చూడు, అక్కడ నేను కాగితాలు పక్కన పెట్టి బయటికెళ్ళి కాసేపు నిలబడిపోయాను. నాలుగు లైన్లే రాశావు. ఆ ఇన్‌స్పెక్టర్ లోపలికొచ్చి ఎక్కడ కూర్చున్నాడు, ఆవిడ మంచినీళ్ళు ఇచ్చిందా, క్యాలెండర్ మీద ఏ దేవుడి బొమ్మ ఉంది? అన్నట్టు, ఆ తల్లికి కథలో ఎక్కడా పేరు లేదు. ఏం పేరు అనుకున్నావో రాయి.

అక్క