జనరిక్ గోలీలకు మారితే బీమా క్లెయిమ్ ఆగుతుందా? మా బాపు మందులతో మాకు తెలిసింది

మీరు అడిగింది రెండు ముక్కలు. మీ నాన్నగారికి బీపీ, షుగర్ గోలీలకు నెలకు మూడు వేలు దాటుతోంది, జనరిక్‌కు, అంటే బ్రాండ్ పేరు కాకుండా అసలు మందు పేరుతో అమ్మే గోలీలకు మారితే అవి పనిచేస్తాయా అన్నది ఒకటి, మారితే రేపు బీమా కంపెనీ కొర్రీ పెడుతుందా అన్నది రెండోది. ఈ రెండు భయాలూ మేం పడ్డాం, రెండిట్లోనూ దెబ్బ తిన్నాం కూడా. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

ముందు బీమా సంగతి. మామూలు ఆరోగ్య బీమా అంటే దవాఖానలో చేరినప్పటి ఖర్చుకే. రోజూ వేసుకునే బీపీ గోలీకి అది పైసా ఇవ్వదు, బ్రాండ్ అయినా జనరిక్ అయినా ఒకటే. ఓపీ కవర్ అని, దవాఖానలో చేరకుండా అయ్యే ఖర్చులకు విడిగా డబ్బు కట్టి తీసుకుంటే తప్ప. తెలంగాణలో ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు, మంచిదే, కానీ అది కూడా ఆపరేషన్లకు, పెద్ద చికిత్సలకు గానీ నెలనెలా గోలీలకు కాదు. మీ నాన్నగారు రిటైర్డ్ ప్రభుత్వ ఉద్యోగి అయితే మాత్రం ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్ల కోసం ఉన్న వెల్‌నెస్ సెంటర్‌లో అడగండి, అక్కడ ఓపీ మందులు ఇస్తారు. ఊళ్లో ఉంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగర్‌కు మామూలుగా వాడే గోలీలు ఉచితంగానే ఇస్తారు, పరకాల దగ్గర మా చిన్నమ్మ అవే వాడుతోంది.

బీమాకూ బయట కొనే మందుల బిల్లుకూ ముడి పడేది ఒక్కచోటే, దవాఖానలో చేరే ముందు కొన్ని రోజులు, ఇంటికొచ్చాక కొన్ని రోజులు. చాలా పాలసీల్లో ముందు 30 రోజులు, తర్వాత 60 రోజులు ఉంటుంది, కొన్నింట్లో ఇంకా ఎక్కువ. మేం చిక్కుకుంది సరిగ్గా అక్కడే.

మా బాపుకు 68 ఏళ్లు. 2023 నవంబర్‌లో హన్మకొండలో ఒక ప్రైవేటు దవాఖానలో స్టెంటు వేశారు. ఇంటికొచ్చాక మొదటి నెల చిట్టీలో రాసినవి రాసినట్టు కొన్నాం, గుండె మందులు, షుగర్ మందులు కలిపి మూడు వేల పైన అయింది. రెండో నెలకు మా అన్న జన ఔషధి కేంద్రానికి, అంటే కేంద్ర ప్రభుత్వ పథకం కింద జనరిక్ మందులు చవకగా అమ్మే షాపుకు పోయి అవే మందులు ఏడు వందల లోపు తెచ్చాడు. అందరం సంతోషపడ్డాం. తర్వాత బిల్లులన్నీ కలిపి కంపెనీకి పంపిస్తే మొదటి నెల డబ్బులు వచ్చాయి గానీ రెండో నెలవి ఆపేశారు, బిల్లులో ఉన్న మందులు డాక్టర్ రాసినవి కావట! చిట్టీలో ఉన్నవి బ్రాండ్ పేర్లు, జన ఔషధి బిల్లులో ఉన్నవి క్లోపిడోగ్రెల్, అటోర్వాస్టాటిన్ అని అసలు మందు పేర్లు. మందు అదే, పేరు వేరు. ఫైలు చూసినవాళ్లకు అది పట్టలేదు. తక్కువ ఖర్చు పెట్టి వాళ్ల డబ్బే మిగిల్చాం, మాకే క్లెయిమ్ ఆపారన్న బాధ ఆ వారం మా అన్నను నిద్రపోనివ్వలేదు.

మేం చేసింది ఒక్కటే. డాక్టర్ దగ్గరికి పోయి, ప్రతి బ్రాండ్ పేరు పక్కన అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో రాయించుకుని, సంతకం, దవాఖాన ముద్ర వేయించి పంపాం. మూడు వారాల్లో డబ్బు పడింది. పడకపోతే కంపెనీ ఫిర్యాదుల విభాగానికి, తర్వాత బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌కు, అప్పటికీ తేలకపోతే హైదరాబాద్‌లో ఉన్న, ఇలాంటి ఫిర్యాదులు తేల్చే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు, దానికి ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

కాబట్టి మీకు నేను గట్టిగా చెప్పేది ఇదే: కొట్టు మార్చే ముందు చిట్టీ మార్చుకోండి. అసలు మందు పేరుతో రాసిమ్మని డాక్టర్‌ను నోరు తెరిచి అడగండి, మొహమాటపడకండి. డాక్టర్లు జనరిక్ పేర్లే రాయాలని జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో నిబంధన తెచ్చి, ఆ నెలలోనే దాన్ని ఆపేసింది, అందుకని మనం అడిగితేనే రాస్తారు. మా డాక్టర్ అడిగిన వెంటనే రాశారు. ఇంకో కారణం కూడా ఉంది. చిట్టీలో బ్రాండ్ పేరు ఉంటే దానికి బదులు ఇంకోటి ఇవ్వడానికి మెడికల్ షాపు వాళ్లకు చట్టప్రకారం వీల్లేదు, వాళ్లు ఇవ్వనంటే అది వాళ్ల మొండితనం కాదు.

ఇక పనిచేస్తాయా అన్న ప్రశ్న. జ్వరానికి మనం అడిగే డోలో, క్రోసిన్, కాల్‌పాల్ మూడిట్లోనూ ఉండేది పారాసిటమాలే. మన దగ్గర బ్రాండ్ పేరుతో అమ్మే బీపీ, షుగర్ మందుల్లో చాలావాటికి పేటెంటు ఎప్పుడో అయిపోయింది, ఎవరైనా తయారుచేయొచ్చు, అంటే అవి కూడా పేరు పెట్టిన జనరిక్‌లే. ధరలో తేడా ఎక్కువగా డాక్టర్ల దగ్గరికి తిరిగే కంపెనీ రెప్‌లకు, ప్రచారానికి, మధ్యలో కమీషన్లకు పోయేది. జన ఔషధి మందులు డబ్ల్యూహెచ్‌ఓ జీఎంపీ అనే తయారీ నాణ్యత సర్టిఫికెట్ ఉన్న కంపెనీల దగ్గరే కొంటారు, ప్రతి బ్యాచ్‌నూ ల్యాబులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీఎల్ ఒప్పుకున్న ల్యాబుల్లో పరీక్ష చేయిస్తారు. నాకు నమ్మకం కుదిరింది మాత్రం బాపు రిపోర్టులతోనే. మారాక పదిహేను రోజులు పొద్దున, సాయంత్రం బీపీ చూసి నోట్‌బుక్‌లో రాశాం, మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష), కొలెస్టరాల్ చేయించాం, ముందు ఎంత ఉన్నాయో దాదాపు అంతే వచ్చాయి. మీరూ ఇలాగే చేయండి, ఎవరి మాటా నమ్మాల్సిన పని ఉండదు.

అన్నీ గుడ్డిగా మార్చొద్దు కూడా. థైరాయిడ్ గోలీ, ఫిట్స్ మందులు, రక్తం పలచబడడానికి ఇచ్చే వార్ఫరిన్, కిడ్నీ మార్పిడి అయినవాళ్ల మందులు, వీటిలో కొంచెం తేడా వచ్చినా ఒంట్లో తెలిసిపోతుంది, డాక్టర్ చెప్పకుండా కంపెనీ మార్చకూడదు, మారిస్తే మళ్లీ రక్తపరీక్ష చేయించాలి. ఇంకొకటి, పేరు పక్కన ఎస్ఆర్ అనో ఎక్స్ఆర్ అనో ఉంటే కొత్తదాంట్లోనూ అది ఉండాలి. మెట్‌ఫార్మిన్ 500, మెట్‌ఫార్మిన్ ఎస్ఆర్ 500 ఒకటి కాదు, రెండోది నెమ్మదిగా కరిగేది.

ఇప్పుడు మాకు జరిగిన అసలు ప్రమాదం చెప్తా, ఇది చదివి ఒక్క ఇంట్లోనైనా తప్పితే చాలు. కొత్త గోలీలు వచ్చాక పాత స్ట్రిప్పుల్లో మిగిలినవి డబ్బాలోనే ఉంచేశాం. బాపుకు పేర్లు చదవడం రాదు, రంగును బట్టి వేసుకుంటాడు. కొత్తది వేరే మందు అనుకుని షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ గోలీ పాతది, కొత్తది రెండూ రెండు రోజులు వేసుకున్నాడు. మూడో రోజు తెల్లవారుజామున ఒళ్లంతా చెమట, చేతుల వణుకు, మాట తడబాటు. మిషన్‌తో చూస్తే షుగర్ 54. స్పృహలోనే ఉన్నాడు కాబట్టి చక్కెర నీళ్లు తాగించాం, పావుగంటకు తేరుకున్నాడు, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆ పొద్దు అమ్మ ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేను. అప్పటినుంచి మా ఇంట్లో కొత్తవి వచ్చిన రోజే పాతవి బయటికి పోతాయి, ఒక్కో స్ట్రిప్పు మీద మార్కర్‌తో పొద్దున అయితే సూర్యుడి బొమ్మ, రాత్రి అయితే చంద్రుడి బొమ్మ వేస్తున్నాం.

ఇంకో మోసం గురించి కూడా తెలుసుకోండి. ఒకసారి మందు అయిపోతే మా ఇంటి దగ్గరి షాపులో జనరిక్ ఇవ్వమని అడిగాను. ఇచ్చాడు, 20 శాతం తగ్గించాను అన్నాడు కూడా. స్ట్రిప్పు మీద ఎమ్మార్పీ మాత్రం బ్రాండ్‌కు దగ్గరగానే ఉంది. అలాంటివి షాపులకు చాలా తక్కువకు వస్తాయి, అచ్చేసిన ధర ఎక్కువ, మధ్యలో మిగిలేదంతా కౌంటర్ అవతలే. కాబట్టి జనరిక్ అన్న మాట చాలదు, ఒక్కో గోలీ ఎంత పడుతుందో లెక్కేసుకోండి. జన ఔషధి సుగమ్ యాప్‌లో మందు పేరు కొడితే ధర, దగ్గర్లోని కేంద్రం రెండూ తెలుస్తాయి. అక్కడ కొన్నిసార్లు స్టాకు ఉండదు, అందుకే మేం గోలీలు వారానికి సరిపడా మిగిలి ఉండగానే పోతాం. గుండె గోలీ స్టాకు లేకపోతే ఆ ఒక్కటి బయట బ్రాండ్ కొంటాం. స్టెంటు వేసినవాళ్లు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ ఒక్కరోజు కూడా మానకూడదని డాక్టర్ మరీ మరీ చెప్పారు.

మూడు రకాల మందులు కలిపిన గోలీ మీ నాన్నగారి చిట్టీలో ఉంటే అదే కలయిక అక్కడ దొరకకపోవచ్చు, విడివిడిగా రాసిమ్మని డాక్టర్‌నే అడగండి, మీరు సొంతంగా విడదీయకండి. చిట్టీలో ఉన్న మందుల పేర్లు, మిల్లీగ్రాములు ఇక్కడ రాస్తే మేం ఏది ఎంతకు తెచ్చుకున్నామో మా బిల్లులు చూసి చెప్తాను. అందులో థైరాయిడ్ గోలీ ఉంటే మాత్రం డాక్టర్‌ను కలిసేదాకా దాన్ని కదపకండి.