లైటు వెలుగుతున్నా మౌస్ కదలట్లేదంటే ముందు వైరు చూడండి

మౌస్ కింద ఎర్ర లైటు వెలుగుతోంది గానీ బాణం కదలట్లేదు, కాసేపటికి దానంతటదే బాగవుతోంది, కొత్తది కొనాలా అని అడిగారు. అప్పుడే కొనకండి. నేను తిరుపతి బస్టాండుకు దగ్గర్లో నెట్ సెంటర్ నడుపుతున్నాను. పొద్దున్నుంచి రాత్రి దాకా రకరకాల చేతులు పడే మౌసులు కాబట్టి ఈ జబ్బు నాకు బాగా అలవాటే.

లైటు వెలుగుతోందంటే మౌస్ బాగున్నట్టే అనుకుంటారు చాలామంది. మామూలు యూఎస్‌బీ మౌస్ వైరులో నాలుగు సన్నని తీగలుంటాయి. రెండు 5 వోల్టుల కరెంటుకి, రెండు సమాచారానికి. సమాచారం మోసే తీగ తెగినా కరెంటు అందుతుంటే లైటు వెలుగుతూనే ఉండొచ్చు. తీగ ఎక్కువగా తెగేది వైరు మౌస్‌లోకి దూరే మెడ దగ్గర. పైన తొడుగు చెక్కుచెదరకుండా ఉంటుంది, కాబట్టి కంటికి కనపడదు. అందుకే నేను చెవితో పట్టుకుంటాను. కంప్యూటర్ సౌండు పెంచి, మెడ దగ్గర వైరును వేలితో మెల్లగా అటూ ఇటూ వంచండి. పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడూ తీసినప్పుడూ వచ్చే శబ్దం మాటిమాటికీ వస్తుంటే తీగ లోపల తెగి ఆడుతున్నట్టే. కాసేపు పనిచేసి కాసేపు ఆగే మౌసుల్లో నేను ముందు అనుమానించేది దీన్నే.

శబ్దమేమీ రాకపోతే మీ టేబుల్ చూడండి. మన ఊళ్ళో షాపుల్లో టేబుల్ మీద అద్దం వేసి, కింద స్వామివారి పటం పెట్టుకోవడం మామూలే కదా. ఆప్టికల్ మౌస్ కింది తలాన్ని సెకనుకు వందల, వేల ఫొటోలు తీసి, వాటిలో తేడాని బట్టి ఎటు కదిలిందో లెక్క కడుతుంది. అద్దం మీద దానికి పట్టు దొరకదు. కింద ఒక తెల్లకాగితం వేస్తే చాలు, తేలిపోతుంది. మౌస్ తిప్పి లైటు గుంటలో వెంట్రుకో దుమ్మో ఉంటే పొడి ఇయర్‌బడ్‌తో తీసేయండి.

పోర్టు కూడా మార్చండి. సీపీయూ ముందువైపు పోర్టులు పెన్‌డ్రైవులు పెట్టీ తీసీ లూజైపోతాయి, వెనకవైపువి గట్టిగా ఉంటాయి. ల్యాప్‌టాప్ కాసేపు వదిలేశాక మాత్రమే ఆగిపోతుంటే అది కరెంటు ఆదా చేసే సెట్టింగ్ కావచ్చు. విండోస్‌లో డివైస్ మేనేజర్ (కంప్యూటర్‌లోని పరికరాల జాబితా)లో యూఎస్‌బీ రూట్ హబ్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం దాన్ని ఆపేయొచ్చని ఉన్న టిక్ తీసేయండి.

ఇక పని మధ్యలో మౌస్ ఆగితే ఏం చేయాలో ఇప్పుడే నేర్చుకుని పెట్టుకోండి. 300 రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో వదిలిన పొద్దున, చిత్తూరు పక్క పల్లె నుంచి వచ్చిన పెద్దాయన ఇంటిల్లిపాది ఆధార్ కార్డులూ చేతిలో పట్టుకుని నా పక్కనే నిలబడి ఉన్నాడు. సగం పేర్లు కొట్టాక మౌస్ ఆగిపోయింది. వైరు పీకి పెట్టుకుంటూ కూర్చుంటే టికెట్లు అయిపోతాయి. ట్యాబ్ కొడుతూ గడి నుంచి గడికి వెళ్ళాను, టిక్ పెట్టాల్సిన చోట స్పేస్, బటన్ మీద ఎంటర్. టికెట్ చేతికొచ్చాక ఆయన ముఖం చూస్తే నాకే ప్రాణం లేచొచ్చింది. కీబోర్డులో కుడివైపు అంకెల కీలుంటే ఇంకా సులువు. విండోస్‌లో ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, నమ్ లాక్ కలిపి నొక్కి ఎంటర్ కొట్టండి. 4, 6, 8, 2 బాణాన్ని కదిలిస్తాయి, 5 క్లిక్ చేస్తుంది.

చివరగా మీ మౌస్‌ను వేరే కంప్యూటర్‌కు పెట్టి చూడండి. అక్కడా కదలకపోతేనే కొత్తది కొనండి. కొనేటప్పుడు మెడ దగ్గర రబ్బరు పొడుగ్గా, గట్టిగా ఉన్నది ఏరుకోండి, వైరును మాత్రం మౌస్‌కు బిగించి చుట్టిపెట్టకండి.