బండి కబుర్లు: బీడ్‌లాక్ రిమ్ములో గాలి ఎటు పోతోంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు గాలి దిగే గొడవలే, అందుకే మైలేజీ వాళ్లనీ ఇన్సూరెన్స్ వాళ్లనీ వచ్చే సంచిక దాకా ఆగమని చెప్పి ఇవి ముందు పెట్టా. బీడ్‌లాక్ అంటే తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. మామూలు రిమ్ములో టైరు అంచుని, అంటే బీడుని, పట్టి ఉంచేది లోపలి గాలే. రాళ్లలో, ఇసుకలో పట్టు కోసం గాలిని 8 పీఎస్‌ఐకో 10 పీఎస్‌ఐకో (పీఎస్‌ఐ అంటే గాలి ఒత్తిడి కొలత) దించేస్తే ఆ పట్టు సడలి టైరు రిమ్ము మీంచి ఊడొచ్చేస్తుంది. అలా ఊడకుండా బయటివైపు బీడు మీద ఒక రింగు పెట్టి చుట్టూ బోల్టులతో నొక్కేస్తారు. అదే బీడ్‌లాక్.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి): అన్నా, నాది పాత జిప్సీ. సెలవు దొరికితే వికారాబాద్ అనంతగిరి వైపు తీసుకెళ్తుంటా. పోయినేడు ఒక వర్క్‌షాపులో నా 15 అంగుళాల స్టీలు రిమ్ములకే రింగులు వెల్డింగ్ చేయించి బీడ్‌లాక్ చేయించా. మూడు చక్రాలు బానే ఉన్నాయి, వెనక ఎడమది మాత్రం రాత్రి 12 పీఎస్‌ఐ పెట్టి పడుకుంటే తెల్లారేసరికి 4 చూపిస్తోంది. బోల్టులు రెండుసార్లు బిగించా. పంక్చర్ షాపులో తొట్టిలో ముంచితే బోల్టు బోల్టుకీ బుడగలొచ్చాయి, టైర్లో పంక్చర్లు పూడ్చే లిక్విడ్ పోసేస్తే అయిపోద్ది అంటున్నాడు. పోయించమంటావా?

జవాబు: పోయించొద్దు తమ్ముడూ, కనీసం ఇప్పుడే వద్దు. ఎందుకొద్దో చివర్లో చెప్తా, ముందు ఆ బుడగల సంగతి తేలుద్దాం. బోల్టు కన్నాల్లో, రింగుకీ రిమ్ముకీ మధ్య సందుల్లో ఎప్పుడూ కొంత గాలి ఇరుక్కుని ఉంటుంది, చక్రాన్ని నీళ్లలో ముంచగానే అదంతా బయటికొస్తుంది, చూసేవాడికి చక్రం మొత్తం జల్లెడలా కనిపిస్తుంది. కంగారు పడకుండా చక్రాన్ని తొట్టిలోనే అటూ ఇటూ తిప్పి తట్టి, పది నిమిషాలు అలా వదిలేసి ఓ టీ తాగి రా. అప్పటికీ ఒకేచోట నుంచి దారంలా బుడగలు వస్తుంటే అది లీకు, మిగతావి కాదు.

ఇంకోటి, బోల్టులు ఉండేది గాలి గదికి బయట. లోపలి గాలి బోల్టు దగ్గరికి రావాలంటే ముందు బీడుని దాటాలి, లేదా వెల్డింగుని దాటాలి. కాబట్టి బోల్టు దగ్గర బుడగ వచ్చిందంటే బోల్టు తప్పు కాదు, దొంగ ఇంకెక్కడో దూరి ఈ కిటికీలోంచి బయటికొస్తున్నాడన్నమాట. అందుకే నువ్వు ఎన్నిసార్లు బిగించినా ఫలితం లేదు.

వెతికే వరుస ఇది. ముందు వాల్వు. పంక్చర్ షాపుల్లో వేలికి ఉమ్ము రాసి వాల్వు మూతికి పెడతారు చూడు, నవ్వుకుంటాం గానీ బ్రహ్మాండమైన టెస్టు. బుడగ లేస్తే వాల్వు లోపలి పిన్ను మార్చు, పని అయిపోయింది. లేవకపోతే వాల్వు మొదట్లో సబ్బు నురగ పెట్టి బొటనవేలితో నాలుగు వైపులా వంచి చూడు, రబ్బరు పాతబడితే నిలబడున్నప్పుడు మూసుకుని, వంచినప్పుడే పగులు తెరుచుకుంటుంది. రాళ్లలో వాల్వుకి దెబ్బ తగలని బండి ఉండదు.

తర్వాత చక్రాన్ని బోర్లా తిప్పు. చాలామంది మర్చిపోయేది ఇదే. మనం లాక్ చేసింది బయటి బీడుని మాత్రమే, లోపలివైపు బీడు మామూలు రిమ్ములో లాగానే గాలి పట్టు మీద బతుకుతోంది. గాలి తక్కువ పెట్టి బురదలో తిరిగినప్పుడు ఆ బీడు కాస్త కదులుతుంది, ఆ సందులోకి ఎర్రమట్టీ ఇసకా దూరతాయి. నా జీపుకి ఒకసారి రెండు నెలలు ఇదే బాధ, బోల్టులు బిగించీ బిగించీ రెండు తెగ్గొట్టుకున్నా, వాల్వు మార్చా, టైరుని తిట్టా, చివరికి హైవే పక్కన ఓ పంక్చర్ షాపులో పెద్దాయన రింగు వైపు చూడనైనా చూడకుండా చక్రం తిరగేసి సర్ఫు నీళ్ల మగ్గు తీసుకుని వెనక బీడు చుట్టూ పోసి, చుట్ట పీలుస్తూ కూర్చున్నాడు. ఐదు నిమిషాలకి ఒకేచోట ఆవగింజంత తెల్ల నురగ ముద్ద కట్టింది. టైరు విప్పితే అక్కడ ఒక గరికపోచ, ఎండి నల్లబడి బీడుకీ రిమ్ముకీ మధ్య అడ్డంగా పడుకుని ఉంది. రెండు నెలల నా నిద్ర తిన్నది అది.

వాల్వూ లోపలి బీడూ రెండూ బాగుంటే, నీ కేసులో నా అనుమానం వెల్డింగు మీదే. 15 అంగుళాల రిమ్ము చుట్టుకొలత దాదాపు నాలుగడుగులు, అంత పొడవునా వెల్డింగులో ఒక్క సూదికన్నం ఉన్నా గాలికి చాలు. తుప్పు మీదో, పెయింటు మీదో, గ్రీజు మీదో వెల్డింగ్ చేస్తే లోపల గాలి బుడగలు ఉండిపోతాయి, పైకి మాత్రం నున్నగా కనిపిస్తుంది. దీన్ని పట్టుకోడానికి ట్యాంకులు చేసేవాళ్ల పాత పద్ధతి ఒకటుంది. టైరు పూర్తిగా విప్పేసి, అతుకు బయటివైపు సున్నం కలిపిన నీళ్లు పూసి ఆరనివ్వు. తెల్లగా ఆరాక లోపలివైపు, అంటే టైరు కూర్చునే వైపు, అతుకు పొడవునా బ్రష్షుతో కిరోసిన్ రాయి. గంట వదిలెయ్. కన్నం ఉన్నచోట తెల్ల సున్నం మీద నూనె మరకలా చుక్క తేలుతుంది. నీళ్లకి దొరకని కన్నం కూడా కిరోసిన్‌కి దొరుకుతుంది, అది అంత సన్నగా పాకుతుంది.

చుక్క కనిపించినచోట మార్కరుతో గుర్తు పెట్టి, కిరోసిన్ పూర్తిగా తుడిచి ఆరబెట్టి, పాత వెల్డింగు మంచి లోహం కనిపించేదాకా గ్రైండింగ్ చేయించి మళ్లీ వెల్డింగ్ చేయించు. పైపైన ఇంకో పొర వేస్తా అంటే ఒప్పుకోకు, ఆ కన్నం పక్కకి జరుగుతుంది అంతే. టైరు మీద ఉండగా రిమ్ముకి వెల్డింగ్ పెట్టించకు, గాలి తీసేసినా సరే పెట్టించకు. వేడికి లోపల రబ్బరు ఆవిరై ఆ గ్యాసు పేలుతుంది, అలా ప్రాణాలు పోయాయి. విప్పడానికి బద్ధకించే మెకానిక్ దగ్గర అసలు బండి పెట్టకు.

మళ్లీ బిగించేటప్పుడు బీడు కూర్చునే చోటంతా వైరు బ్రష్షు, ఎమరీ పేపరు పెట్టి శుభ్రం చెయ్, టైరు బీడు మీద అచ్చులో వచ్చిన రబ్బరు వెంట్రుకలుంటే బ్లేడుతో తీసెయ్. టైరు మధ్యకి సరిగ్గా కూర్చోబెట్టి రింగు పెట్టి, అన్ని బోల్టులూ చేత్తో తిరిగినంతా తిప్పాకే పానా పట్టుకో. ఒకదానికి ఎదురుగా ఒకటి, కొంచెం కొంచెంగా, నాలుగైదు చుట్లలో. ఇంపాక్ట్ గన్ను (బోల్టులు దడదడా బిగించే మిషను) దగ్గరికి రానివ్వకు. కంపెనీ రిమ్ములకి బోల్టు బిగువు, అంటే టార్కు, మామూలుగా 15 నుంచి 20 ఫుట్‌పౌండ్లు, అంటే సుమారు 20 నుంచి 27 న్యూటన్ మీటర్లు చెప్తారు, నీ రింగులు చేసినాయన ఏ బోల్టు వాడాడో కనుక్కుని దాన్నిబట్టి వెళ్లు. రబ్బరు నొక్కుకుని సర్దుకుంటుంది కాబట్టి ఒక ట్రిప్పు తర్వాత టార్కు రెంచి పెట్టి మళ్లీ చూడాలి, సర్దుకున్న తర్వాత బిగించడం వేరు, లీకు కోసం బిగించడం వేరు.

ఇక లిక్విడ్. అది పంక్చర్ పడే చోట, అంటే టైరు తిరిగేటప్పుడు రోడ్డుకి ఆనే ట్రెడ్డు వైపు విసురుకుని పనిచేస్తుంది, బీడు మూలకి సరిగ్గా చేరదు. పైగా లోపలంతా జిగురు పట్టేశాక వెల్డింగ్ పెట్టాలన్నా బీడు శుభ్రం చెయ్యాలన్నా మెకానిక్ నిన్ను తిట్టుకుంటాడు. ఆ సంగతి అటుంచి, ఇలా వర్క్‌షాపులో వెల్డింగ్ చేయించిన రింగులతో హైవే మీద వందలో వెళ్తుంటే మాత్రం నాకు నచ్చదు. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ బండి మార్పుల గురించే ఉంది, ఒకసారి చదువుకో.

ప్రశ్న (ఫీనిక్స్, అరిజోనా నుంచి): నమస్తే అండీ. నాకు జీప్ రాంగ్లర్ ఉంది, అసలు బీడ్‌లాక్ రింగు బిగించుకునే వీలున్న 17 అంగుళాల రిమ్ములు కొని రింగులు వేయించాను. ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర ట్రెయిల్‌లో నాలుగింటికీ 12 పెట్టుకుని తిరిగాను, సాయంత్రం జీపుని ట్రెయిలర్ మీద ఎక్కించుకుని అలాగే ఇంటికొచ్చేశాను. ఇంట్లో చూస్తే మూడు చక్రాల్లో 10 చిల్లర, ఒకదాంట్లో 7. నాలుగూ లీకేనంటారా? బోల్టులు గట్టిగా బిగిస్తుంటే రెండు తెగిపోయాయి.

జవాబు: మూడు చక్రాలు బాగున్నాయండీ, వాటిని ముట్టుకోకండి. ఫ్లాగ్‌స్టాఫ్ దాదాపు 2,100 మీటర్ల ఎత్తు, ఫీనిక్స్ 330 మీటర్ల చిల్లర. గేజీ చూపించేది లోపలి గాలికీ బయటి గాలికీ ఉన్న తేడాని. కొండ దిగేకొద్దీ బయటి గాలి బరువు పెరుగుతుంది, మీ రెండు ఊళ్ల మధ్యా అది రెండున్నర పీఎస్‌ఐ పైమాటే, టైర్లోంచి చుక్క గాలి పోకపోయినా గేజీలో అంత తగ్గిపోతుంది. కింద వేడి ఎక్కువ కాబట్టి కొంత తిరిగి పెరుగుతుంది, నికరంగా ఒకటిన్నర రెండు తక్కువ కనిపించడం న్యాయమే. 35 పెట్టుకుని రోడ్డు మీద తిరిగేవాళ్లకి ఇది లెక్కలోకి రాదు, 12 దగ్గర మాత్రం గుండె గుభేలుమంటుంది. అన్నట్టు పెద్ద అంకెల దాకా చూపించే గేజీలు ఆ చిన్న అంకెల దగ్గర నమ్మకంగా ఉండవు, 0 నుంచి 30 దాకా ఉండేది విడిగా ఒకటి కొనుక్కోండి.

నాలుగూ ఒకేలా దిగితే వాతావరణం, ఒకటే ఎక్కువ దిగితే లీకు. ఆ 7 చూపించిన దాన్ని పట్టుకుందాం. బోల్టులు తెగాయంటే రింగు వెళ్లి లోహానికి లోహం ఆనిపోయి ఉండొచ్చు, ఆ తర్వాత ఎంత బిగించినా రబ్బరు మీద నొక్కుడు పెరగదు, బోల్టు సాగి తెగుతుంది అంతే. టైరు కంపెనీని బట్టి బీడు మందం మారుతుంది. కొన్ని రిమ్ములు రింగు ఆనేలా చేస్తారు, కొన్ని సందు ఉండేలా చేస్తారు, మీది ఏ రకమో దాంతో వచ్చిన కాయితంలో ఉంటుంది. సందు ఉండే రకమైతే ఫీలర్ గేజీతో (సందు కొలిచే సన్న రేకులు) చుట్టూ పన్నెండు చోట్ల కొలవండి. ఒకవైపు ఎక్కువ ఒకవైపు తక్కువ వచ్చిందంటే బీడు వంకరగా కూర్చుందన్నమాట.

అప్పుడు విప్పి మళ్లీ మొదట్నుంచి. విప్పే ముందు వాల్వు పిన్ను తీసేసి గాలి చప్పుడు పూర్తిగా ఆగిందాకా ఆగండి, ఒక్క బోల్టు కూడా గాలి ఉండగా వదులు చెయ్యకండి, ఆ రింగు ఎగిరొస్తే మొహం ఉండదు. విప్పిన రింగుని మీ వంటగది గ్రానైట్ గట్టు మీద బోర్లా పెట్టి ఒక అంచు నొక్కి చూడండి, టకటకమని ఊగిందంటే ఎక్కడో రాయికి కొట్టుకుని వంగింది, సాగదీయకుండా కొత్తది వేసుకోండి. (ఇంట్లోవాళ్లు చూడకముందే గట్టు తుడిచెయ్యండి.) బోల్టులు తెగిన రెండే కాదు, ఆ చక్రానివి అన్నీ మార్చండి, మిగతావీ అదే బిగువు తిన్నాయి కదా. యాంటీసీజ్ (బోల్టు పట్టేయకుండా పూసే పేస్టు) పూస్తున్నారేమో, పుస్తకంలో పొడిగా బిగించమని ఉంటే పూయకండి, జారుడు పెరిగి అదే టార్కులో బోల్టు ఇంకా ఎక్కువ సాగుతుంది. గాలి ఎక్కించేటప్పుడు పొడుగు పైపుకి క్లిప్పు ఉన్న చక్ (వాల్వుని పట్టుకునే మూతి) తగిలించి పక్కకి నిలబడండి, టైరు సైడ్‌వాల్ మీద బీడు కూర్చోబెట్టడానికి ఎంత దాటొద్దని ఉందో చూడండి, చాలావాటి మీద 40 అని ఉంటుంది.

ప్రశ్న (విశాఖపట్నం నుంచి): అన్నయ్యా, నా థార్‌కి మామూలు అల్లాయ్ వీల్సే, బీడ్‌లాక్ ఏం లేదు. ఒక చక్రం వారానికి 5 పీఎస్‌ఐ దిగుతోంది, మేకు ఏం దొరకలేదు. నైట్రోజన్ కొట్టిస్తే ఆగుతుందన్నారు. నిజమేనా?

జవాబు: లేదు చెల్లెమ్మా. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, కన్నం ఉంటే అది కూడా అదే దారిన పోతుంది. బాగున్న టైరు నెలకి ఒకటో రెండో దిగడం మామూలే, వారానికి 5 అంటే ఎక్కడో దారి ఉంది. మీ ఊళ్లో సముద్రం గాలికి అల్లాయ్ రిమ్ములో బీడు కూర్చునే అంచు మీద తెల్ల పొడి పడుతుంది, పైన పెయింటు పొంగి పొట్టులా లేస్తుంది, ఆ పొట్టు కిందనుంచి గాలి మెల్లగా జారుకుంటుంది. టైరు విప్పించి దగ్గరుండి చూడు. ఆ పొడి కనిపిస్తే సన్న ఎమరీ పేపరు నీళ్లతో తడిపి వేలికి గరుకు తగలనంత వరకు రుద్దించి, బీడ్ సీలర్ (బీడు సందు మూసే జిగురు) పల్చగా పూయించి, కొత్త వాల్వు వేయించి ఎక్కించు. గ్రైండరు పెడతా అంటే ఆపు, అల్లాయ్ మెత్తన, ఒక్క గుంట పడిందంటే దాన్ని పూడ్చలేం.