బల్ల మీద కదలకుండా ఉన్న ఆల్టిమీటర్‌లో ఎత్తు ఎందుకు మారుతుంది?

బీఎంపీ280 సెన్సర్‌ను ఆర్డుయినో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డుకు కలిపి తయారుచేసుకున్న ఆల్టిమీటర్ (ఎత్తు చూపే పరికరం), ఉదయం నుంచి బల్ల మీదే ఉన్నా, సాయంత్రానికి 20 మీటర్లు ఎక్కువ చూపడం సెన్సర్ లోపం కాదు. అది నేరుగా కొలిచేది ఎత్తును కాదు, గాలి పీడనాన్ని; ఎత్తు దాని నుంచి లెక్కగట్టిన అంకె.

సముద్రమట్టం దగ్గర సుమారు 8.4 మీటర్లు పైకి వెళితే పీడనం 1 హెక్టోపాస్కల్ (పీడనపు కొలమానం) తగ్గుతుంది. మనలాంటి ఉష్ణమండల ప్రాంతాల్లో పీడనం ఉదయం 10 గంటల వేళ హెచ్చుగా, సాయంత్రం 4 గంటల వేళ తగ్గుగా ఉంటూ రోజూ రెండు మూడు హెక్టోపాస్కళ్లు మారుతుంది కాబట్టి, ప్రోగ్రాములో సముద్రమట్టపు ప్రామాణిక పీడనమైన 1013.25 అని రాసి వదిలేయకుండా, బయలుదేరే చోట అప్పటికప్పుడు తీసుకున్న రీడింగును ఆధారంగా పెట్టుకుని తేడాను మాత్రమే లెక్కించండి.

ఫ్యాను గాలి సెన్సర్ మూతకున్న సన్నని రంధ్రానికి నేరుగా తగిలినా అంకెలు నిలవవు. దానిపై చిన్న స్పాంజి ముక్కను, జిగురు రంధ్రంలోకి దిగకుండా, అమర్చండి.