టెక్ సందేహాలు: సిలువ బొమ్మలో చీకటి కుదరడం లేదు

ప్రశ్న: గుడ్ ఫ్రైడే కోసం సిలువ దృశ్యాన్ని ఫొటో మానిప్యులేషన్‌లో చేస్తున్నాను. మా తమ్ముణ్ని గోడ ముందు చేతులు చాచి నిలబెట్టి ఫొటో తీశాను. మబ్బులు, కొండ వేరే ఫొటోల నుంచి తెచ్చి కలిపాను. బ్రైట్‌నెస్ ఎంత తగ్గించినా అతికించినట్టే ఉంది. ఫొటోషాప్ కొనలేను, బ్రౌజర్‌లో ఉచితంగా దొరికే ఫొటోపీ వాడుతున్నాను. (గుంటూరు నుంచి)

మీరు పంపిన బొమ్మను పెద్దది చేసి చూశాను. మబ్బుల్లో వెలుగు ఎడమవైపు పైనుంచి వస్తోంది. మీ తమ్ముడి ముక్కు నీడ కూడా బొమ్మలో ఎడమవైపుకే పడింది. అంటే ఫొటో తీసినప్పుడు కిటికీ కుడిపక్కన ఉంది. చూసేవాళ్లు ఈ తేడా ఫలానా అని చెప్పలేకపోవచ్చు కానీ, ఏదో తప్పుందని వాళ్ల కంటికి తెలిసిపోతుంది. బ్రైట్‌నెస్ తగ్గిస్తే ఆ తప్పు మసకబారుతుందే తప్ప పోదు.

ముందు తమ్ముడి లేయర్‌ను, అంటే ఆ ఫొటో ఉన్న పొరను ఎంచుకుని, ఎడిట్ మెనూలో ట్రాన్స్‌ఫామ్, అందులో ఫ్లిప్ హారిజాంటల్ నొక్కండి. సగం సమస్య అక్కడే తీరుతుంది. తర్వాత అన్నిటికంటే పైన ఒక బ్లాక్ అండ్ వైట్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ పెట్టండి. రంగులు పోగానే ఏది ఎక్కువ నల్లగా ఉందో, ఏది తెల్లబోయిందో తేటగా కనిపిస్తుంది. మీ బొమ్మలో దూరంగా ఉన్న కొండ, ముందున్న సిలువ కన్నా నల్లగా ఉంది. కానీ దూరం పోయేకొద్దీ గాలిలోని తేమ, దుమ్ము వల్ల నలుపు బూడిదరంగులోకి దిగుతుంది. కొండకు మాత్రమే వర్తించేలా కర్వ్స్ (ఒక గీతను వంచి వెలుగు, చీకట్లను మార్చే సాధనం) పెట్టి, గీత కింది కొసను కాస్త పైకి లేపండి. కొండ వెంటనే వెనక్కి జరుగుతుంది. పని అయ్యాక బ్లాక్ అండ్ వైట్ లేయర్‌ను ఆపేయండి.

ఇప్పుడు అసలు పని. 50 శాతం బూడిదరంగు నింపిన కొత్త లేయర్‌ను సాఫ్ట్ లైట్ మోడ్‌లో (ఇందులో బూడిదరంగు కనిపించదు, తెలుపు కింది బొమ్మను వెలిగిస్తుంది, నలుపు చీకటి చేస్తుంది) పెట్టి, మెత్తటి బ్రష్‌ను పది శాతం ఓపాసిటీకి తగ్గించి, వెలుగు తగలాల్సిన చోట తెలుపు, తగలకూడని చోట నలుపు మెల్లగా పూయండి. నుదురు, బొమ్మలో ఎడమవైపున్న భుజం, పక్కటెముకల అంచులు, మోకాలు... ఇంతవరకే వెలుగివ్వండి. మిగతాది చీకట్లోకి పోనివ్వండి. ఈ లేయర్ మీద రెండు గంటలు కూర్చున్నా వృథా కాదు.

మీరు వాడిన నీలం రంగు గురించి కూడా చెప్పాలి. సువార్తల్లో చెప్పింది మధ్యాహ్నం నుంచి మూడు గంటల దాకా కమ్మిన చీకటి. అది రాత్రి కాదు. వెన్నెల నీలం పులిమితే సంగతే మారిపోతుంది. సూర్యుడు నడినెత్తిన ఉండాల్సిన వేళ వెలుగు ఆరిపోయిందంటే, మట్టిరంగు కలిసిన మురికి పసుపే నాకు నిజమనిపిస్తుంది.

ఇక బరువు. మీ తమ్ముడు నిలబడ్డాడు, వేలాడలేదు. చేతులు నేలకు సమాంతరంగా ఉన్నాయి, భుజాలు హాయిగా ఉన్నాయి. నిజంగా ఒంటి బరువు చేతుల మీద పడితే భుజాలు చెవుల దాకా లేస్తాయి, మెడ వాటి మధ్యలోకి దిగుతుంది, మోకాళ్లు వంగుతాయి. సాల్వడార్ డాలీ 1951లో వేసిన సిలువ చిత్రం కోసం రస్సెల్ సాండర్స్ అనే హాలీవుడ్ స్టంట్‌మన్‌ను పైనుంచి వేలాడదీసి, బరువు ఒంటిని ఎలా లాగుతుందో చూశాడు. మీరు అంత సాహసం చేయొద్దు. గట్టి కడ్డీని పట్టుకోమని, కాళ్లు స్టూల్ మీదే ఉంచి మోకాళ్లు కాస్త వంచమనండి. స్టూల్‌ను తర్వాత మాస్క్‌తో (లేయర్‌లో అక్కర్లేని భాగాన్ని దాచే సాధనం) తీసేయొచ్చు. దయచేసి పిల్లాణ్ని నిజంగా వేలాడదీయకండి.

చివరగా సెలెక్షన్‌ను ఒకటి రెండు పిక్సెళ్లు కుదిస్తే జుట్టు చుట్టూ మెరిసే తెల్లగీత పోతుంది. అన్నిటి పైన కొద్దిగా నాయిస్, అంటే సన్నటి చుక్కల గరుకు కలపండి. నాలుగు ఫొటోల నాలుగు రకాల గ్రెయిన్ ఒకటవుతుంది. నల్లటి ఆకాశంలో మెట్లు మెట్లుగా కనిపించే చారలు కూడా తగ్గుతాయి. 8 బిట్ ఫైల్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి, చీకట్లో వాడుకునేవి అందులో కొన్నే. అందుకే ఆ చారలు.

ప్రశ్న: నా దగ్గర ఫోన్ తప్ప ఏమీ లేదు. మబ్బులు, కొండ, సిలువ ఇవన్నీ కలపలేను. వదిలేయాలా? (ఖమ్మం నుంచి)

వదిలేయకండి. 1898లో అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఫ్రెడ్ హాలండ్ డే నెలల తరబడి ఉపవాసముండి, జుట్టు, గడ్డం పెంచి, తానే క్రీస్తుగా కెమెరా ముందుకొచ్చాడు. సిలువ మీద యేసు పలికినవిగా మన చర్చిల్లో గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం ధ్యానించే ఏడు మాటలే ఆయన విషయం. ఏడు మాటలకు ముళ్ల కిరీటంతో ఏడు ముఖాలు, ఒకే వరుసలో. కొండ లేదు, మబ్బు లేదు. గదిలో లైట్లన్నీ ఆపి, ఒక్క తలుపు ఓరగా తెరిచి, ఆ వెలుగులో ముఖం తీయండి. ఫోన్‌లో ముఖం మీద వేలితో తాకి, ఎక్స్‌పోజర్ కిందికి జరపండి. ఉపవాసం మాత్రం అక్కర్లేదు.

ప్రశ్న: స్నేహితుడు చేసిన సిలువ బొమ్మలో రక్తం విపరీతంగా ఉంది. అభిప్రాయం అడిగాడు. బాగుందంటే అబద్ధం, ఘోరంగా ఉందంటే నొచ్చుకుంటాడు. (హైదరాబాద్ నుంచి)

‘ఎక్కువైంది’ అనకండి, ఎక్కడ ఎక్కువైందో చూపించండి. జర్మన్ చిత్రకారుడు గ్రూనెవాల్డ్ 1512–1516 మధ్య ఐజెన్‌హైమ్ అనే ఊళ్లో వేసిన సిలువ చిత్రంలో ఒళ్లంతా పుండ్లే, వేళ్లు కొంకర్లు పోయి ఉంటాయి. అది చర్మం కాలిపోతున్నట్టుండే జబ్బుతో వచ్చినవాళ్లకు వైద్యం చేసే మఠం కోసం వేసింది. ఆ పుండ్లు చూసిన రోగికి ‘ఈయనకూ నా బాధే’ అనిపించి ఉంటుంది. అక్కడ ఘోరానికి పని ఉంది. డాలీ చిత్రంలో మేకులు, రక్తం, ముళ్ల కిరీటం ఏవీ లేవు. అయినా చూస్తే గుండె బరువెక్కుతుంది. మీ మిత్రుణ్ని అడగాల్సింది ఒక్కటే: ఈ రక్తం ఏ గాయం నుంచి వస్తోంది, ఎటు కారుతోంది? చాచిన చేతి మీద రక్తం మోచేతి వైపు జారి, కింది అంచు నుంచి చుక్కలుగా పడాలి. ఆయన వాడిన రెడీమేడ్ బ్రష్ నాలుగు వైపులా ఒకేలా చిమ్మింది కాబట్టే అది రంగులా కనిపిస్తోంది.

చెప్పేముందు మీరూ ఒక పని చేయండి. బొమ్మను గోరంత చేసి చూడండి, తర్వాత అద్దంలోలా తిప్పి చూడండి. రెండుసార్లూ కన్ను మొదట ఎక్కడికి పోయిందో అదే చెప్పండి. ముఖానికి కాకుండా రక్తానికి పోతే ఆ మాటే ఆయనకు చాలు. ఇది దైవదూషణా కాదా అన్నది వేరే చర్చ. మీకు నిజంగా అలా అనిపిస్తే దాన్ని విడిగా, సూటిగా చెప్పండి. నీడ తప్పని చెబుతూ మధ్యలో విశ్వాసం గురించి మందలిస్తే ఆయన రెండూ వినడు.

ప్రశ్న: స్క్రీన్ మీద అద్భుతంగా ఉన్న బొమ్మ ప్రింట్‌లో నల్లటి ముద్దలా వచ్చింది. (విజయవాడ నుంచి)

నాకూ ఇదే జరిగింది. రాత్రంతా కూర్చుని చేసిన పోస్టర్ తెల్లారి ప్రింట్ తీయిస్తే ముఖమే కనిపించలేదు. తప్పు షాపు వాళ్లది కాదు. చీకటి గదిలో స్క్రీన్ ఫుల్ బ్రైట్‌నెస్‌లో పెట్టి పని చేశాను. స్క్రీన్‌కు సొంత వెలుగుంది, కాగితానికి లేదు. బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి, గదిలో లైటు వేసుకుని మళ్లీ చూడండి. నీడల్లో వివరం కనిపించేదాకా కర్వ్స్‌లో కింది భాగం కొద్దిగా లేపి, ప్రింట్ కోసం విడిగా ఒక కాపీ దాచుకోండి. ఎ3 సైజుకు, అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన, 3508 × 4961 పిక్సెళ్లు కావాలి. షాపుకు వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపండి. మొత్తం ప్రింట్ తీయించే ముందు ముఖం ఉన్న భాగాన్ని మాత్రం అదే కాగితం మీద చిన్న ముక్కగా తీయించి, పగటి వెలుగులో బయటికి తీసుకెళ్లి చూడండి.