క్రిస్మస్ తర్వాతి ఆదివారానికి ప్రార్థన రాస్తున్న అమ్మాయికి

ప్రియమైన అమ్మాయికి, వందనాలు.

నీ ప్రార్థన రెండు పేజీలూ చదివాను. మూడో పేరాలో పెన్నుతో కొట్టేసిన వాక్యం దగ్గర ఆగిపోయాను. కొట్టేసినా కనబడుతూనే ఉంది: "సుగ్గికి గుంటూరు పోయిన మావాళ్ళను, అవ్వల దగ్గర వదిలిపోయిన పిల్లలను కాపాడు తండ్రీ." సుగ్గి అంటే మనవైపు కూలిపనుల వలసే కదా. దాని పైన ఏం రాశావు? "లోకమంతటా శ్రమలననుభవించుచున్న సమస్త ప్రజలను జ్ఞాపకము చేసికొనుము." నాకు ఒళ్ళు మండింది. ఎవరమ్మా ఆ సమస్త ప్రజలు? మీ గుడి బయట వాళ్ళ చెప్పులు ఎప్పుడైనా చూశావా?

భాష బాగుంది. ఇక అసలు సంగతి.

ఈసారి ఆ ఆదివారం 2025 డిసెంబర్ 28. పుట్టిన యేసును మట్టుబెట్టాలని హేరోదు రాజు బేత్లెహేములో రెండేళ్ళలోపు మగపిల్లలను చంపించిన సంగతిని సంఘాలు తలుచుకునే రోజు అది. మత్తయి రెండో అధ్యాయం మళ్ళీ తియ్యి. బిడ్డను చూడవచ్చిన తూర్పుదేశపు జ్ఞానులు అటు వెళ్ళగానే యోసేపు రాత్రికి రాత్రి బిడ్డనూ తల్లినీ తీసుకుని ఐగుప్తుకు పోయాడు. హేరోదు చచ్చాక బయల్దేరి వచ్చినా, యూదయలో వాడి కొడుకు అర్కెలాయు ఏలుతున్నాడని భయపడి నజరేతులో కాపురం పెట్టాడు. ఇది వలసపోయే మన కోసిగి, కౌతాళం వాళ్ళకు విడమరిచి చెప్పాలా? నీ ప్రార్థనలో మాత్రం ఇంకా పశువుల తొట్టే, ఇంకా నక్షత్రమే. అదంతా మూడు రోజుల ముందే పాడేశారు, కేకు కూడా అయిపోయింది. ఆదివారం గుడికొచ్చే మనిషి ఇంట్లో మూట కట్టిన బియ్యం ఉంటాయి, మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు ఉంటుంది, పిల్లను బడి మాన్పించి వెంట తీసుకుపోవాలా, ఇక్కడే వదలాలా అన్న టెన్షన్ ఉంటుంది.

సంఘ ప్రార్థనకు నేను పెట్టే పరీక్ష ఒక్కటే. ఆ వారం, ఆ ఊరు అందులో ఉండాలి. పక్క మండలంలో చదివితే అతకకూడదు.

మన సీమలో ప్రార్థన రెండు దారుల్లో వచ్చింది. కడప, జమ్మలమడుగు, గుత్తి వైపు లండన్ మిషన్ సంఘాల్లో అప్పటికప్పుడు నోటితో చేసేవాళ్ళు. నంద్యాల వైపు ఆంగ్లికన్ సంఘాల్లో పుస్తకం చూసి చదివేవాళ్ళు. 1947లో ఇలాంటి వేర్వేరు సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడ్డప్పుడు నంద్యాల వైపు చాలామంది వెంటనే కలవనే లేదు. పుస్తకంవాళ్ళది చల్లారిన అన్నమని నోటివాళ్ళు ఎగతాళి చేస్తే, నోటివాళ్ళకు అదుపు లేదని వీళ్ళు. నాకు రెండూ ఇష్టమే. నచ్చనిది ఇప్పుడొచ్చిన మూడోది: వెనక కీబోర్డు, ముందు మైకు, ఒకే మాట ఇరవైసార్లు అరవడం. దాని జోలికి పోతే ఈ ఉత్తరం తెమలదు.

గుత్తి దగ్గర ఒక పల్లె గుడి. వేరుశనగ పూర్తిగా పోయిన ఏడు. పండగ తర్వాతి ఆదివారం ఒక సంఘపెద్దను ప్రార్థనకు లేపారు. ఆయనకు చదువు రాదు. "దేవా, క్రిస్మస్‌కు గుడ్డలకని అప్పు చేసినాం. విత్తనాలకని మళ్ళీ చేస్తాం. కట్టేదెట్లనో నీకే తెలియాల" అన్నాడు. జనం నవ్వారు, నవ్వుతూనే ఆమెన్ అన్నారు. ఆడవాళ్ళ వైపు ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ మాటలు ఒక ప్రార్థనలో పెట్టి ఒక మాసపత్రికకు పంపాను. సంపాదకుడు ఊరు తీసేశాడు, అప్పు తీసేశాడు, "ఆర్థిక ఇబ్బందులలో ఉన్నవారిని" అని వేశాడు. ఫోన్ చేస్తే "ఆరాధనలో అప్పు మాట బాగుండదండీ" అన్నాడు. ప్రభువు నేర్పిన ప్రార్థనలోనే ఋణాలూ ఋణస్థులూ ఉన్నారు కదయ్యా అన్నాను. పెట్టేశాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు నా రచన ఏదీ ఆ పత్రికలో రాలేదు. రాకపోతే పోనీ. నీ చేత ఆ వాక్యం కొట్టేయించింది కూడా అలాంటి పెద్దమనిషే అయ్యుంటాడు. దాన్ని మళ్ళీ రాయి.

ఇంకోటి. నీ వాక్యం ఒక్కొక్కటీ ఐదు లైన్లుంది. చదివేవాళ్ళకు ఊపిరాడదు, సంఘానికి "ప్రభువా, మా మొర ఆలకించుము" ఎక్కడ అనాలో తెలియదు. ఒక మనవికి ఒక ఊపిరి చాలు. పోయినవాళ్ళకు ఒకటి. పిల్లలకు ఒకటి. మోకాళ్ళ నొప్పులతో ఆ పిల్లల వెంట తిరిగే అవ్వలకు ఒకటి. వలసపోయినవాళ్ళ పిల్లలకోసం పెట్టే సీజనల్ హాస్టల్లో వండిపెట్టే ఆమెకు ఒకటి. కూలి ఎగ్గొట్టేవాళ్ళ మీద కూడా ఒకటి ఉండాలి. హేరోదు పేరెత్తు చాలు, జనానికి తెలుస్తుంది. మనవి అయ్యాక కాసేపు ఆగమని పక్కన రాసిపెట్టు. ఎవరి మనిషి పేరు వాళ్ళు లోపల అనుకుంటారు.

శుక్రవారానికల్లా మీ పాస్టరు అయ్యగారి చేతికివ్వు. ఆదివారం పొద్దున ఇస్తే ఆయన ఏం తీసేశారో చూసుకునే టైం ఉండదు. చదివే పెద్దాయన కళ్ళజోడు మరిచి వస్తాడన్నావు కదా, పెద్ద అక్షరాలతో రాయి.

మీ మాస్టారు,
కర్నూలు